పత్తికట్టెతో ఆనోడ్ చేస్తానన్న బుజ్జికి

గాజువాక, విశాఖపట్నం
కార్తీక పౌర్ణమి మర్నాడు

చి. బుజ్జికి మీ పెదనాన్న దీవించి రాస్తున్నది.

మీ పెద్దమ్మ మోకాలి నొప్పి కొంచెం నెమ్మదించింది. నిన్న సాయంత్రం దీపాలు పెట్టడానికి తనే మేడ మెట్లెక్కింది.

పోయిన నెల మీ ఇంట్లో ఉన్న అయిదు రోజుల్లో నువ్వు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ అడిగావు. ఆ రాత్రి దుర్గం చెరువు తీగల వంతెన మీద నడుస్తూ మళ్లీ అడిగావు. "పెదనాన్నా, ఈ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఆ కొత్త కంపెనీలో చేరనా?" అని. పత్తికట్టెను బొగ్గు చేసి, దాన్ని అల్యూమినియం స్మెల్టర్లకు ఆనోడ్ సరుకుగా అమ్ముతామంటున్న నలుగురు పిల్లల కంపెనీ అది. చదివింది కెమికల్ ఇంజినీరింగ్, ఆరేళ్లుగా చేస్తున్నది ఆ చదువుతో పనిలేని ఉద్యోగం. నీ గొంతులో ఆ బెంగ నాకు వినపడింది. అయినా ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ముప్పై మూడేళ్లు కార్బన్ ప్లాంట్లలో పనిచేసినవాడు ఈ ప్రశ్నకు నడకలో జవాబు చెప్పకూడదనిపించింది. అందుకే ఇంటికొచ్చి, నాలుగు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. చేరు. కాకపోతే వాళ్లు ఇప్పుడు పట్టుకున్న దారి తప్పని నా అనుమానం. ఆ దారి మార్చగలిగితే నువ్వే మార్చాలి. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మీ ఆఫీసు బిల్డింగ్ ముందు నేను తలెత్తి చాలాసేపు నిలబడితే, ఎత్తు చూస్తున్నాననుకున్నావు. నేను చూస్తున్నది అద్దాలను పట్టుకున్న చట్రాలను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా లేచిన ఆ మేడలన్నిటికీ ముఖం అద్దమైతే, ఆ ముఖాన్ని నిలబెట్టింది అల్యూమినియం. అందులో ఒక్కో కిలోకు దాదాపు రెండు కిలోల అల్యూమినా, 13, 14 యూనిట్ల కరెంటు ఖర్చవుతాయి. ఈ రెండూ అందరికీ తెలుసు. దానితోపాటు 400 గ్రాములకు పైగా కర్బనం కూడా కాలిపోతుంది. నేను జీవితమంతా చూసుకున్నది ఆ 400 గ్రాములనే, కనుక మీ హైటెక్ సిటీలో నడుస్తుంటే నాకు గాజు కనపడదు, కోక్ కనపడుతుంది.

అల్యూమినియం తీసే తొట్టెను పాట్ అంటాం, దాని సంగతి కాలేజీలో చదివే ఉంటావు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ, ఒకరికొకరు తెలియకుండానే ఒకే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరూ పుట్టింది 1863లో, పోయింది 1914లో. క్రయోలైట్‌ను 960 డిగ్రీల దగ్గర కరిగించి, అందులో అల్యూమినా వేసి, పైనుంచి ఆనోడ్ అనే కర్బనపు దిమ్మ దించి కరెంటు పంపడమే పద్ధతి. అల్యూమినాలోని ఆక్సిజన్ ఆ దిమ్మను తిని కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, లోహం అడుగున చేరుతుంది. కాగితం మీద లెక్కకు టన్ను అల్యూమినియానికి 333 కిలోల కర్బనం చాలు. పాట్‌రూమ్‌లో 400 నుంచి 420 దాకా పోతుంది. ఆ పై డెబ్బై, ఎనభై కిలోలు గాలికి కాలిపోయేది, గ్యాసు తినేసేది, పొడిగా రాలిపోయేది. మా వృత్తి అంతా ఆ డెబ్బై, ఎనభై కిలోలతో పోరాటమే.

ఆనోడ్ కలపడం మీ నాయనమ్మ సంక్రాంతికి అరిసెల పిండి కలిపినట్టే ఉంటుంది. పిండి బదులు కిల్న్‌లో కాల్చిన పెట్రోలియం కోక్, అంటే కాల్సిన్డ్ పెట్‌కోక్, పాకం బదులు తారు నుంచి తీసిన పిచ్. పెద్ద పలుకులు, నడితరం రవ్వ, మెత్తటి పొడి సరైన పాళ్లలో కుదరాలి. పిచ్ వందకు 13 నుంచి 15 పాళ్లు. తక్కువైతే దిమ్మ పెళుసుగా విరుగుతుంది, ఎక్కువైతే బేకింగ్ ఫర్నేసులో జారి పక్కదానికి అంటుకుంటుంది. 1,100 డిగ్రీలు దాటేదాకా రెండు, మూడు వారాలు కాల్చాక అది ఆనోడ్. పాట్‌లో దించాక ఇంచుమించు నాలుగు వారాలు బతుకుతుంది. అంటే ఈరోజు మిక్సర్‌లో జరిగిన తప్పు బయటపడేది రెండు నెలల తర్వాత. మీ పనిలో కొత్త వెర్షన్ బాగాలేకపోతే రాత్రికి రాత్రే పాతదానికి వెళ్లిపోతారని నువ్వే చెప్పావు. ఇక్కడ ఆ వీలు లేదు. ఆ రెండు నెలల్లో తయారైన వేల దిమ్మలు వరుసలో నిలబడి ఉంటాయి, ప్రతిదాన్నీ పాట్‌లో దించక తప్పదు.

అరిసెలకు తడిపిండి బదులు పొడిపిండి పోస్తే ఏమవుతుందో తెలుసుగా, పాకమంతా తాగేస్తుంది. కట్టెబొగ్గు చేసేది అదే. దాని ఒళ్లంతా సన్నటి గొట్టాలు. పెట్‌కోక్‌కు సరిపోయే పిచ్ దానికి చాలదు, పిచ్ పెంచితే బేకింగ్‌లో ఆవిరై మళ్లీ చిల్లులు మిగులుతాయి. దిమ్మ తేలికవుతుంది, కరెంటుకు అడ్డుపడుతుంది, తొందరగా కాలిపోతుంది. నార్వేలో సింటెఫ్ పరిశోధకులు, కెనడాలో క్యూబెక్ విశ్వవిద్యాలయాలవాళ్లు ఏళ్ల తరబడి ఇదే పని చేశారు. ల్యాబ్‌లో వాళ్లు కలిపి చూసింది కొద్ది శాతం కట్టెబొగ్గే. అంత తక్కువకే సాంద్రత, రియాక్టివిటీ దెబ్బతినకుండా చూసుకోవడానికి తంటాలు పడ్డారు. మీ కంపెనీ పిల్లలు తెరమీద చూపించిన "30 శాతం కట్టెబొగ్గు" నాకు నచ్చకపోవడానికి కారణం అదే.

దీని వెనక ఒక మూల కారణం ఉంది, అది నీకు తెలియాలి. పెట్‌కోక్ ఒకప్పుడు ద్రవం. రిఫైనరీ అడుగున మిగిలిన చిక్కటి మడ్డి కోకర్‌లో ఉడుకుతూ గట్టిపడే ముందు, దానిలోని పొడవాటి అణువులు ద్రవంలోనే ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి, పేకముక్కలు దొంతరలో పడ్డట్టు. ఆ దొంతర వల్లే దానికి సాంద్రత, కరెంటును తేలిగ్గా పోనిచ్చే గుణం. కట్టె కరగదు. ఏ కణం గోడ ఎక్కడుందో అక్కడే బొగ్గవుతుంది. ఎంత వేడి చేసినా ఆ దొంతర రాదు. కనుక "మా బొగ్గులో 90 శాతం కర్బనం ఉంది" అని ఎవరైనా చెబితే, ఆ కర్బనం ఒకప్పుడు ద్రవంగా ఉందా లేదా అని అడుగు. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

మిగతా సగం బూడిద. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

పత్తికట్టెలో వందకు నాలుగు పాళ్లు బూడిద ఉందనుకో. బొగ్గు చేస్తే కట్టె బరువులో నాలుగో వంతు, ఇంకా మంచిగా చేస్తే మరికాస్త మిగులుతుంది. బూడిద మాత్రం ఎక్కడికీ పోదు. నాలుగు పాళ్లు పదిహేను పాళ్లవుతాయి. ఆనోడ్ కోక్‌లో మేం సహించేది అర పాలు లోపు. వరి ఊకైతే ఇక చెప్పక్కర్లేదు, దాని బూడిద నిండా సిలికానే. ఈ బూడిదను మీవాళ్లు ఒక్క అంకెగా రాసుకున్నారు, అది పొరపాటు. దానిలో ప్రతి లోహం చేసే నష్టం వేరు. సిలికాన్, ఇనుము తిన్నగా అల్యూమినియంలోకి దిగి దాని గ్రేడ్ పడగొడతాయి. కాల్షియం, సోడియం ఆనోడ్‌ను కార్బన్ డయాక్సైడ్ మరింత తినేలా ఉసిగొల్పుతాయి. భాస్వరం బాత్‌లో, అంటే కరిగిన క్రయోలైట్‌లో తిరుగుతూ కరెంటును వృథా చేస్తుంది. అన్నిటికన్నా నాకు భయం పొటాషియం. అది కింద కాథోడ్ దిమ్మల్లోకి చొరబడి వాటిని ఉబ్బిస్తుంది. ఆనోడ్ చెడితే నాలుగు వారాల్లో మార్చుకుంటాం. కాథోడ్ పగిలితే అయిదారేళ్లు నడవాల్సిన పాట్ ఆగిపోతుంది. పంటల్లో పొటాషియం లేని పంట ఎక్కడుంది, మనమే ఎరువుగా వేస్తాం కదా.

పలచటి ఆమ్లంతో కడిగితే పొటాషియం, సోడియం చాలావరకు పోతాయి. సిలికా మామూలు ఆమ్లానికి లొంగదు. ఆ కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయన్న ప్రశ్నకు మీ కాగితాల్లో జవాబు లేదు. మూసీని చూస్తూ పెరిగిన ఊరి పిల్లలు ఆ ప్రశ్న ముందే వేసుకోవాలి.

సోడియం గురించి నాకు పుస్తకం నేర్పలేదు, నా తప్పు నేర్పింది. అది ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను అప్పుడు ఒక స్మెల్టర్‌లో కార్బన్ ఏరియా షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. పాట్‌లోంచి బయటికొచ్చిన అరిగిన ఆనోడ్ ముక్కను బట్ అంటాం. వాటిని దంచి మళ్లీ కొత్త ఆనోడ్‌లో కలుపుతాం, వందకు 20 పాళ్ల దాకా. ప్రత్యామ్నాయ కర్బనం అని నువ్వు ఈమధ్య వింటున్నావే, దానిలో అన్నిటికన్నా పాతది, నమ్మకమైనది బట్టే. కాకపోతే దానికి గడ్డకట్టిన బాత్ అంటుకుని వస్తుంది, ఆ బాత్ నిండా సోడియం. దాన్ని శుభ్రంగా గీకాలి. ఒక ఏప్రిల్‌లో గీకే మెషిన్ ఆగిపోయింది. విడిభాగం రావడానికి మూడు వారాలు పట్టింది. ఉత్పత్తి ఆపకూడదన్న ఒత్తిడిలో చేతి సుత్తులతో కొట్టించి కలిపించాను. ల్యాబ్ నుంచి వచ్చిన సగటు సోడియం అంకె హద్దులోనే ఉంది, సంతకం పెట్టాను. ఆ సగటు వెనక కొన్ని బ్యాచ్‌లు హద్దుకు రెట్టింపు ఉన్నాయని చూసుకోలేదు. ఆ దిమ్మలు జూన్‌లో పాట్‌లలోకి దిగాయి. అంచులు కరిగినట్టు రాలిపోయాయి. కర్బనపు పొడి బాత్ మీద తెట్టులా తేలి, పాట్‌లు వేడెక్కాయి. ఆ ఎండాకాలంలో, ఆ కొలిమి పక్కన నిలబడి మనుషులు గరిటెలతో ఆ పొడి తోడారు, రోజుల తరబడి, రెండేసి షిఫ్టులు. వాళ్లలో ఒకతను కళ్లు తిరిగి పడిపోయాడు. బతికాడు, మళ్లీ పనికొచ్చాడు. నేను ఆసుపత్రికి వెళ్లినప్పుడు అతను నన్నేమీ అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నాలో ఉంది.

కనుక నువ్వు చేరిన రోజే ఒక పని చెయ్యి. సగటు అంకెలు రాసిన కాగితం చేతికిస్తే వెనక్కిచ్చేసి, ఒక్కో బ్యాచ్ అంకె విడివిడిగా అడుగు. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తికట్టె, నల్గొండ చెలక పత్తికట్టె ఒకటి కావు. వాన పడ్డాక పీకింది, ఎండాక పీకింది ఒకటి కావు. వేరుతోపాటు లాగితే మట్టి వస్తుంది, మట్టి అంటే మళ్లీ సిలికానే. నువ్వు ఇన్నాళ్లు డేటా పని చేసినదాని విలువ ఇక్కడే. ఈ తేడాలను ఓపిగ్గా పట్టుకోగలిగేవాళ్లు మా కార్బన్ రంగంలో తక్కువ.

ఇప్పుడు "మరి ఇంత కష్టమైతే పెట్‌కోక్‌తోనే ఉండొచ్చుగా" అంటావు. ఉండలేం. ముడి చమురు రానురాను చిక్కబడుతోంది, గంధకం పెరుగుతోంది, కోక్‌లోకి వెనేడియం, నికెల్ ఎక్కువగా దిగుతున్నాయి. వెనేడియం ఉన్న ఆనోడ్ గాలి తగిలితే చాలు కాలిపోతుంది. పైగా గంధకం తక్కువున్న మంచి కోక్ కోసం ఇప్పుడు బ్యాటరీలకు గ్రాఫైట్ చేసేవాళ్లు కూడా పోటీకొచ్చారు. ప్రపంచం ఏటా 7 కోట్ల టన్నుల అల్యూమినియం చేస్తోంది. దాని కర్బనంలో ఎక్కువ భాగం నూనె శుద్ధి చేసేవాళ్ల అడుగుమడ్డి మీద ఆధారపడి ఉంది. వాళ్లకది మిగులు సరుకు. మన కోసం వాళ్లు నాణ్యత చూడరు.

ఈ కథలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు, అది తెలుసుకుని గర్వపడు. మీకు పది కిలోమీటర్ల దూరంలో, శ్రీనగర్ కాలనీలో ఆఫీసున్న రెయిన్ ఇండస్ట్రీస్ ఇక్కడ విశాఖలో కోక్ కాలుస్తుంది. అది 2007లో అమెరికాలోని సీఐఐ కార్బన్‌ను, 2013లో జర్మనీలోని రట్గర్స్‌ను కొనుక్కుంది. ఒకటి కోక్, ఒకటి పిచ్. మన పిండి, మన పాకం అన్నమాట. ప్రపంచంలోని ఎన్నో స్మెల్టర్ల ఆనోడ్‌లలో విశాఖ కిల్న్‌లో కాలిన కోక్ ఉంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు పచ్చి పెట్‌కోక్ దిగుమతిని కాల్సినర్లందరికీ కలిపి ఏడాదికి 14 లక్షల టన్నులకు, అల్యూమినియం కంపెనీలు తెచ్చుకునే కాల్సిన్డ్ కోక్‌ను 5 లక్షల టన్నులకు కట్టడి చేసింది. ఢిల్లీ గాలి కోసం మొదలైన కేసు విశాఖలో కిల్న్‌లను తాకింది. పొగ గురించి ఆ కోర్టు పడ్డ ఆందోళన న్యాయమైనదే. ఈ ఊళ్లో మేడ మీద బట్టలారేస్తే మసి చారలు పడతాయని మీ పెద్దమ్మ ఎన్నేళ్లుగా అంటోందో నీకు తెలుసు. కాని ఇంధనంగా కాల్చే పెట్‌కోక్, ఆనోడ్‌కు వాడే పెట్‌కోక్ ఒకటే పేరు మోయడం వల్ల మా రంగానికి ఇబ్బంది వచ్చింది.

అదే రెయిన్ కంపెనీ ఒక ఆలోచన చేసింది, నువ్వు దాన్ని బాగా చదవాలి. పచ్చి కోక్‌లోని మెత్తటి పొడి కిల్న్‌లో గాలితో ఎగిరి కాలిపోయి వృథా అయ్యేది. దాన్ని ముందే వేరుచేసి, గుళికలుగా అదిమి, ఆ గుళికలను కాల్చడం. అన్‌హైడ్రస్ కార్బన్ పెల్లెట్స్ అని పేరు పెట్టారు, పొట్టిగా ఏసీపీ. మీ బిల్డింగ్‌కు తొడిగిన అల్యూమినియం రేకునూ ఏసీపీ అనే అంటారు. రెండూ ఒకే గొలుసుకు రెండు చివరలని ఆ రోజు నీకు చెబుదామనుకుని మరిచాను. నాకు ఈ గుళికలు నచ్చడానికి కారణం వీటిలో కొత్త పదార్థమేదీ లేకపోవడం. పారేసుకుంటున్నదాన్ని పట్టుకుని, ఆకారం మార్చి, ప్రతి గుళికా ఒకేలా ఉండేట్టు చేశారు.

మళ్లీ కట్టె దగ్గరకొస్తాను. దారి మార్చమన్నానే, అది ఇది. కట్టెను ముందు ద్రవం చేయండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీకి మంచి కోక్ దొరక్క, రాతిబొగ్గును ద్రావకంలో కరిగించి, బూడిదను వడగట్టి, మిగిలిన చిక్కటి సారం నుంచి ఎలక్ట్రోడ్ కోక్ చేసుకుంది. ఖర్చు ఎక్కువని యుద్ధం తర్వాత వదిలేశారు. కాని చూడు, ఆ ఒక్క పనితో రెండు సమస్యలూ తీరాయి. బూడిద వడపోతలో పోయింది, ద్రవంగా ఉంది కనుక దొంతర వచ్చింది. మన సింగరేణి బొగ్గుకు బూడిద మరీ ఎక్కువ, దానితో అది చేయడం ఇంకా కష్టం. పత్తికట్టెను గాలి తగలకుండా కాల్చినప్పుడు బొగ్గుతోపాటు నల్లటి నూనె వస్తుందే, మీ పిల్లలు దాన్ని పొయ్యిలో ఇంధనంగా తగలేస్తున్నామన్నారు. దాన్ని తగలేయొద్దని చెప్పు. బూడిదలో ఎక్కువ భాగం బొగ్గులోనే ఉండిపోతుంది, నూనెలోకి వచ్చేది చాలా తక్కువ. మీరు అమ్మాలనుకున్నది బొగ్గు. మీ దగ్గర విలువైనది నూనె.

ఆ నూనెను బట్టీలో కాచితే పిచ్ లాంటిది వస్తుంది. దానిలో ఆక్సిజన్ ఎక్కువ, కాలాక మిగిలే కోక్ తక్కువ. తారు పిచ్ వందకు 55 పైన మిగులుస్తుంది, ఇది అంత ఇవ్వదు. కనుక మొత్తం మార్చకుండా పిచ్‌లో కొంత పాలు కలిపి చూడాలి. ఇది నాకు ఇంత ముఖ్యం ఎందుకంటే, తారు పిచ్ మనిషికి చేసే కీడు కళ్లారా చూశాను. పిచ్ దగ్గర పనిచేసి ఎండలోకి వస్తే ముఖం మండిపోతుంది, తోలు ఊడుతుంది. ఏళ్ల తరబడి దాని పొగ పీల్చితే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే తేల్చింది. అందులో బెంజోపైరీన్ అనే పదార్థం ఒకటుంది. దాన్ని తగ్గించడానికి పెట్రోలియం పిచ్ కలపడం వంటి ప్రయత్నాలు ఇప్పటికే జరుగుతున్నాయి. మీ నూనె పిచ్‌లో అది ఎంతుందో ముందు కొలవండి. నిజంగా తక్కువుంటే, మిక్సర్ దగ్గర నిలబడే మనిషి కోసమైనా మీ కంపెనీ బతకాలి.

మీ బొగ్గు కూడా వృథా కానక్కర్లేదు. బేకింగ్ ఫర్నేసులో ఆనోడ్‌ల చుట్టూ ప్యాకింగ్ కోక్ అని పోస్తాం, అది కొంచెం కొంచెంగా కాలిపోతూ ఉంటుంది. ఆనోడ్‌లోకి వెళ్లదు కనుక దాని నాణ్యత హద్దులు కాస్త సడలింపుగా ఉంటాయి. బూడిద తగ్గించిన బొగ్గును ముందు అక్కడ అడగండి. ఒక స్మెల్టర్ గుమ్మంలోకి అడుగు పెట్టడానికి అదే తేలిక దారి.

ఇక "ఆనోడ్ కాలకుండానే అల్యూమినియం చేసే కాలం వస్తోందిగా" అని నీ స్నేహితుడన్నాడు. నిజమే. 2018లో కెనడాలో ఆల్కోవా, రియో టింటో కలిసి, ఆపిల్ కంపెనీ, అక్కడి ప్రభుత్వాల సాయంతో ఎలిసిస్ అనే కంపెనీ మొదలుపెట్టాయి. ఆనోడ్ కాలదు, ఆక్సిజన్ బయటికొస్తుంది. గొప్ప పని, నేను చేతులెత్తి మొక్కుతాను. కాని లెక్క చూడు. కర్బనం కాలుతూ తన వంతు శక్తినిస్తుంది కనుక చర్యకు 1.2 వోల్టులు చాలుతాయి. కాలని ఆనోడ్‌కు 2.2 కావాలి. ఒక్క వోల్టు అంటే టన్నుకు 3,000 యూనిట్లకు పైమాట. పాట్ డిజైన్‌తో అందులో కొంత తగ్గించుకోవచ్చు. కెనడాలో జలవిద్యుత్తుంది కనుక ఆ భారం గాలి మీద పడదు. మన స్మెల్టర్లు నడిచేది బొగ్గు కరెంటుతో, యూనిట్‌కు ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్. ఆనోడ్ కాలితే టన్నుకు టన్నున్నర వస్తుంది. దాన్ని ఆపబోయి కరెంటులో అంతకన్నా ఎక్కువ వదులుతాం. మన కరెంటు మారేదాకా ఇక్కడ కర్బన ఆనోడే ఉంటుంది. నీ వయసుకు ఆ పని మిగిలే ఉంది.

ఇదే లెక్క మీ కంపెనీ వాదాన్ని కూడా తూకం వేస్తుంది. టన్ను అల్యూమినియానికి కరెంటు నుంచి పదమూడు, పద్నాలుగు టన్నుల పొగ, ఆనోడ్ నుంచి టన్నున్నర. అందులో 5 శాతం మీరు మార్చితే 75 కిలోలు. పెట్టుబడిదారులకు ఈ అంకె దాచొద్దు. అయితే యూరప్ సరిహద్దు కార్బన్ సుంకం అల్యూమినియానికి ప్రస్తుతం ఫ్యాక్టరీలో నేరుగా వెలువడేదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, బయటి కరెంటును కాదు. ఆ తక్కెడలో ఆనోడే పెద్ద దిమ్మ. అక్కడ మీ 75 కిలోలకు ధర ఉంది, కట్టె పద్ధతిగా పండిన పొలానిదేనని కాగితాలతో రుజువు చూపగలిగితే.

ఇంకో లెక్క కూడా వేశాను. నాల్కో అంగుల్ స్మెల్టర్ సామర్థ్యం ఏడాదికి 4.6 లక్షల టన్నులు. కర్బనం 1.8 లక్షల టన్నులకు పైనే. అందులో 5 శాతమంటే 9,000 టన్నులు. బొగ్గు రూపంలో ఇవ్వాలన్నా 36,000 టన్నుల ఎండు కట్టె కావాలి, ఎకరాకు టన్ను వస్తుందనుకుంటే 36,000 ఎకరాలు. తెలంగాణ పత్తి సాగు ముందు ఇది చిన్నదే. చేలో తగలబెట్టే కట్టెకు రైతు చేతికి ఎంతో కొంత వస్తుంది. ఆ మాట రాస్తుంటేనే నాకు ఆశ పుడుతోంది. కాకపోతే కట్టె బరువు తక్కువ, జాగా ఎక్కువ. లారీ కిరాయే మింగేస్తుంది. కాల్చడం ఊళ్లోనే జరగాలి, హైదరాబాద్‌కు నూనె మాత్రమే రావాలి.

పరీక్షలకు దూరం పోనక్కర్లేదు. తార్నాకలో ఐఐసీటీ, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లో ఎన్ఎఫ్‌టీడీసీ, మీ పక్కనే సెంట్రల్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సైన్సెస్ స్కూలు ఉన్నాయి. వెళ్లి అడుగు, విసుక్కోకుండా మళ్లీ అడుగు. రాయదుర్గంలో టీ-వర్క్స్‌లో చిన్న కొలిమి నమూనా చేయించుకోవచ్చన్నావు, మంచిదే. కాని ఆ కొలిమిలో వచ్చిన పిడికెడు కోక్ చూసి ఎవరికీ ఏ మాటా ఇవ్వొద్దు. నెలకు నెల అదే కోక్ మళ్లీ మళ్లీ వచ్చేదాకా ఆగు.

జీతం సగమవుతుందని మీ అమ్మ బెంగపడుతోంది. నేను మాట్లాడతాను. ఏడాదిన్నరకు సరిపడా ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే రాజీనామా ఇవ్వు, అది మాత్రం తప్పొద్దు.

చేరే ముందు ఒక వారం ఇక్కడికి రా. నాతో పనిచేసిన కిల్న్ ఆపరేటర్లు ఇద్దరు ఇప్పుడు కాంట్రాక్టు మీద వేరే చోట ఉన్నారు. కోక్ పిడికిట్లో పట్టుకుని నలిపి చూసి, ల్యాబ్ కాగితం రాకముందే అది ఎలా కాలిందో చెబుతారు. వాళ్లతో రెండు షిఫ్టులు కూర్చోబెడతాను. అక్కణ్నుంచి అంగుల్ వెళ్లి పాట్‌రూమ్ చూడడానికి అనుమతి అడుగుదాం. అక్కడ అయస్కాంతక్షేత్రం ఎక్కువ, ఫోను, గడియారం బయటే పెట్టాలి. నైలాన్ బట్టలు పనికిరావు, నూలు చుడీదార్లు రెండు పెట్టుకో.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కైతే పొద్దున్నే దిగుతావు, స్టేషన్‌కు నేనొస్తాను. సేఫ్టీ షూ ఇక్కడే కొని ఉంచుతాను. నీ పాదం కొలత మెసేజ్ పెట్టు, మందపాటి సాక్సు వేసుకుని కొలువు.

ఇట్లు,
మీ పెదనాన్న